నొక్కితే బదులిచ్చే పలక

గ్యాసు లైటరు మీట నొక్కగానే నిప్పురవ్వ ఎగురుతుంది. చాలా లైటర్లలో బ్యాటరీ ఉండదు, రాయీ ఉండదు. లోపల చిన్న సుత్తి ఒకటి పింగాణీ ముక్క మీద పడుతుంది, ఆ దెబ్బకి వేల వోల్టులు పుడతాయి. ఇదే పీడన విద్యుత్తు, అనగా పీజో ధర్మం.

1880లో ఫ్రాన్సులో జాక్, పియరీ క్యూరీ సోదరులు దీన్ని కనిపెట్టారు. వారు పరీక్షించినవాటిలో క్వార్ట్జ్, టూర్మలిన్‌లతోపాటు చక్కెర ఉంది, మన కెమిస్ట్రీ లాబులో ఫెహ్లింగ్ ద్రావణానికి వాడే రోషెల్ లవణమూ ఉంది! స్ఫటికాన్ని ఒత్తితే అందులోని ధన, ఋణ అయానుల కేంద్రాలు పక్కకి తొలగి, ఎదురెదురు ముఖాల మీద విద్యుదావేశం తేలుతుంది. వోల్టేజి ఇస్తే స్ఫటికమే సాగి ముడుచుకోవాలని 1881లో లిప్‌మన్ లెక్కకట్టి చెప్పాడు. క్యూరీలు అదే ఏడు ప్రయోగంతో రుజువు చేశారు.

ఈ రెండు గుణాలూ ఒక్క ముక్కలో ఉండడమే మన కథకి మూలం. వేలి ఒత్తిడిని కనిపెట్టేదీ అదే, వేలికి "సరే, అందింది" అని బదులు చెప్పేదీ అదే.

బదులెందుకు అంటారా? బావి దగ్గర మోటారు స్టార్టరు బటన్‌ని చీకట్లోనైనా నొక్కుతాం. టక్కుమంటే పనైనట్టే, కంటితో పని లేదు. నున్నటి గాజు తెరకి ఆ టక్కు లేదు. పైగా చెయ్యి తడిగా ఉంటే మామూలు టచ్ తెర తికమకపడుతుంది. పీజోకి కావలసింది ఒత్తిడి మాత్రమే కనుక తడి చేతికీ, తొడుగు వేసిన చేతికీ పలుకుతుంది, పల్చటి లోహపు రేకు కింద దాచినా సరే.

అయితే చిక్కు ఒకటుంది. వేలు అట్లాగే ఉంచితే వోల్టేజి నిలవదు. బజర్లలో వాడే ఇత్తడి బిళ్ళ కెపాసిటీ 20 నానోఫారడ్లు, మీటరు నిరోధం 10 మెగోములు అనుకోండి. రెంటినీ గుణిస్తే 0.2 సెకను, అంతలోనే ఆవేశం చాలామట్టుకు కారిపోతుంది. అందుచేత సర్క్యూటు నొక్కినప్పటి పల్సునీ, వదిలినప్పుడు వచ్చే ఎదురు పల్సునీ చూసి, మధ్యకాలమంతా వేలు ఉందనే గుర్తుపెట్టుకోవాలి.

బదులివ్వడానికి పదుల వోల్టులు, ఒక్కోసారి నూరు దాటి కావాలి. ఫోను బ్యాటరీ ఇచ్చే 3.7 వోల్టుల్ని కాయిలు సాయంతో పెంచుతారు. పలక కదిలేది మిల్లీమీటరులో ఏ కొద్ది వంతో! అయినా చర్మం సెకనుకి 250 ప్రాంతపు కంపనాల్ని బాగా పసిగడుతుంది గనుక చాలు. తిరిగే మోటారు వేగం పుంజుకునేసరికి వేలు లేచిపోతుంది, పీజో కొద్ది మిల్లీసెకన్లలో టక్కుమంటుంది. మోగిన వెంటనే మాత్రం దాని మాట నమ్మకూడదు. సొంత కంపనం అణగేదాకా ఆగకపోతే, దాన్నే మరో నొక్కుడు అనుకుంటుంది.

ఈ పింగాణీ పేరు లెడ్ జిర్కొనేట్ టైటనేట్. బరువులో 60 శాతానికి పైగా సీసమే. పారేసిన పరికరాల నుంచి ఆ సీసం మట్టిలోకి దిగడం చిన్న విషయం కాదు. పొటాషియం సోడియం నియోబేట్ వంటి సీసం లేని పదార్థాల మీద పరిశోధన సాగుతోంది, కాని సీసపు పింగాణీని అన్ని పనుల్లోనూ తోసిరాజనేది ఇంకా రాలేదు.

ఆసక్తిగల మిత్రులు ఒక బజరు బిళ్ళ కొని, రెండు తీగలు ఆసిలోస్కోపుకి తగిలించి వేలితో నొక్కి చూడండి. నొక్కినప్పుడు గీత ఒక పక్కకి, వదిలినప్పుడు రెండో పక్కకి దూకుతుంది.