అభిమానులు చేసిన ఆయుధము ఆటకు అమరునా?

పల్నాటి అరుగులపై పులిజూదమాడినవారికి తెలియును: మూడు పులులు, 15 మేకలు. నాలుగవ పులిని చేర్చిన తూకము తప్పును. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు పెట్టుటలో మరియొక మర్మము కలదు. రెంటికిని చింతగింజలే పెట్టి చూడుడు! నియమమొక్కటియు మారకున్నను ఆట చెడును.

వీడియో ఆటలలో అభిమానులు తయారుచేయు ఆయుధములకును ఈ రెండు పరీక్షలు తప్పవు. 2007లో వాల్వ్ సంస్థ వెలువరించిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో తొమ్మిది విధముల యోధులు కలరు. దూరము నుండి ఆకారమును చూచినంతనే ఎవరెవరో తెలియునట్లు చిత్రకారులు వారిని తీర్చిరి. ఆయుధము పట్టు ఛాతీ భాగమున వెలుగునీడల భేదమును హెచ్చించి, చూపు అచ్చటికే పోవునట్లు చేసిరి. ఎదుటివాని చేతిలో ఏమున్నదో తెలిసినగాని పోరాడుటయో పారిపోవుటయో తేల్చుకొనలేము గదా! కావున ఎంత అందముగా ఉన్నను, ఆ ఆకారమును కప్పివేయు తుపాకి అందు ఇమడదు.

2010లో ఆ సంస్థ అభిమానుల ఆయుధములు కొన్నింటిని ఆటలో చేర్చెను. రూపములు బాగుగనే అమరెను. కాని ఒక వరుసలోని వస్తువులన్నియు ధరించినవారికి అదనపు బలము ఇచ్చుటతో చిక్కు వచ్చెను. ‘స్కౌట్’ అను యోధుని ప్రాణశక్తి 125 నుండి 150కి, అనగా నూటికి 20 వంతులు, పెరిగెను. ఆ వరుసలో టోపీ కూడ ఒకటి! అది లేనివానికి ఆ బలము లేదు. 2013లో అట్టి లాభములను వరుసల నుండి తొలగించిరి.

మీ విద్యార్థి ఆయుధమొకటి గీసి తెచ్చినచో, దానిని నల్లరంగుతో నింపి వెనుక బల్లవారికి చూపుడు. ఏమిటో వారు చెప్పగలిగిన పిదప అంకెల సంగతి చూడవచ్చును.