గుండ్లకమ్మ గట్టున భూకంపాల చరిత్ర

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం, మార్కాపురం, అద్దంకి ప్రాంతాల మీదుగా ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నదీమార్గం కొంతమేర భూగర్భంలోని ఒక పగులును అనుసరించి సాగుతుందని భూవిజ్ఞానుల అభిప్రాయం. పగులుకు అటూ ఇటూ ఉన్న రాయి స్థానం తప్పి జరిగి ఉంటే ఆ పగులును భ్రంశం అంటారు. ఆ జరుగుడు ఉన్నట్టుండి సంభవిస్తే భూకంపం వస్తుంది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన సుమారు 5.4 తీవ్రత భూకంపాన్ని గుండ్లకమ్మ భ్రంశంతోనే ముడిపెడతారు. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడలేదు; ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి మళ్లీ స్వల్పంగా కంపించింది.

అంతకంటే పెద్ద భూకంపం ఇక్కడ ఎప్పుడైనా వచ్చిందా అన్నది తేలాల్సిన ప్రశ్న. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో మొదలైంది. భూకంపాలను పరికరాలతో క్రమంగా నమోదు చేసిన లెక్క ఇక్కడ ఇంచుమించు అప్పటి నుంచే దొరుకుతుంది. దక్కను రాతినేలలో ఒకే భ్రంశం మీద రెండు పెద్ద భూకంపాల మధ్య వేల ఏళ్లు గడిచిపోవచ్చు. అరవై ఏళ్ల లెక్కతో దాని స్వభావం తేల్చడం ఒక్క పంటకాలం చూసి ఊరి వర్షపాతం చెప్పడమే. మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతాన్ని అప్పటి దేశ భూకంప పటంలో అతి తక్కువ ప్రమాదమున్న చోటుగా గుర్తించారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున అక్కడ వచ్చిన భూకంపంలో సుమారు 10 వేల మంది చనిపోయారు. అదీ గుండ్లకమ్మ ప్రాంతంలాగే నల్లరేగడి సీమే.

పాత భూకంపాల జాడ కోసం భ్రంశానికి అడ్డంగా మూడు నాలుగు మీటర్ల లోతున కందకం తవ్వుతారు. గోడలో మట్టి పొరలు ఎక్కడ తెగాయో, తెగిన పొరను ఏ పొర కప్పేసిందో చూస్తారు. పొరలోని బొగ్గు ముక్క వయసును కార్బన్ పద్ధతిలో కడతారు. ఇసుక రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎంతకాలమైందో కూడా లెక్కించవచ్చు. అందుకే ఆ ఇసుకను వెలుతురు సోకకుండా గొట్టాల్లో తీస్తారు.

అసలు చిక్కు ఈ సీమ మట్టిలోనే ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి నెర్రెల్లో పడి కింది పొరల్లో కలిసిపోతుంది. పైగా ఉబ్బిన మట్టిపెళ్లలు ఒకదానితో ఒకటి రాసుకుని నున్నటి తలాలు ఏర్పడతాయి. ఇవి అచ్చం భ్రంశం జారిన గుర్తుల్లా కనిపిస్తాయి. పత్తిచేలో తవ్విన కందకం నిపుణులనూ తప్పుదారి పట్టించగలదు. ఏటిగట్టున పొరలు పొరలుగా పేరుకున్న ఒండ్రు మేటలే కందకానికి తగిన చోటు.

కాబట్టి ఈ పని ఏ ఒక్క సంస్థ వల్లా అయ్యేది కాదు. సన్నటి ప్రకంపనల లోతును భూకంప శాస్త్రజ్ఞులు కొలవాలి. రేగడి గుట్టు గుంటూరు లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఉన్న నేల శాస్త్రజ్ఞులకు తెలుసు. పాత గ్రామ చరిత్రలైన కైఫీయత్తులు, శాసనాలు, పాత పత్రికలు వెదకడానికి చరిత్రకారులు కావాలి. అన్నిటికంటే ముందు పొలం యజమాని సమ్మతి ఉండాలి. మిరప కోతలు ముగిసి వానలు రాకముందున్న రెండు నెలలే తవ్వకానికి అనువైన కాలం. మహారాష్ట్రలోని కోయనా భూకంపాల విషయంలో ఇలా అందరూ కలిసే నడిచారు. 2011లో దేశ విదేశాల శాస్త్రజ్ఞులు కలిసి కూర్చుని ప్రశ్నలు ఖరారు చేశాకే అక్కడ 3 కిలోమీటర్ల లోతు బోరు వేశారు.

ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. 5.4 స్థాయి భూకంపం సాధారణంగా నేలపై చీలిక వదలదు. కందకంలో ఏమీ దొరకకపోతే, ఆ పొరల వయసు మేరకు అక్కడ నేలను చీల్చేంత పెద్ద భూకంపం జాడ లేదని మాత్రమే అర్థం. కంపించనే లేదని కాదు.

అయితే 1967 నాటి ప్రకంపన ఏ ఊళ్లో ఎంత గట్టిగా తగిలిందో చెప్పగల సాక్షులు ఇంకా ఉన్నారు. అప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు డెబ్బైకి చేరువలో ఉన్నారు. కందకాలకు అనుమతులు వచ్చేలోగా, ఊరూరా తిరిగి వారి మాటలు రాసిపెట్టుకోవడంతోనే ఈ పరిశోధన మొదలుకావాలి.