గొట్షాల్కు: రెండు విశేషణముల వివాదము

క్రీస్తుశకము 9వ శతాబ్దమున ఫ్రాంకుల రాజ్యమందుండిన గొట్షాల్కు అను క్రైస్తవ సన్న్యాసిని మతచరిత్రకారులు ప్రధానముగా దైవనిర్ణయవాదియనియు, ధిక్కారియనియు వర్ణించిరి. 1931లో జెర్మేన్ మొరేన్ అను పండితుఁడు స్విట్జర్లండులోని బెర్ను నగరమున నున్న వ్రాతప్రతిలో నతని రచనలను గుర్తించెను. 1945లో సిరిల్ లంబో వానిని ముద్రించి ప్రకటించెను. ఆ సంపుటమున దైవశాస్త్రముతోపాటు వ్యాకరణవిషయకములగు రచనలును గలవు. వానిని జదివినవారికి, అతనిమీఁది యభియోగము లన్నియు రెండు లాటిను విశేషణముల సాధుత్వమును ఆశ్రయించి యున్నవని తోఁపకమానదు.

గొట్షాల్కు సాక్సను ప్రభువు కుమారుఁడు. బాల్యముననే తల్లిదండ్రు లతనిని ఫుల్డా మఠమునకు సమర్పించిరి. పెద్దవాఁడైన పిమ్మట విముక్తి గోరఁగా 829లో మైంట్స్ నగరమునఁ గూడిన సభ యనుగ్రహించెను. మఠాధిపతి హ్రబానుస్ మౌరుస్ దాని నంగీకరింపక చక్రవర్తియగు లూయీకి మొఱపెట్టుకొనెను. తుద కతఁడు సన్న్యాసిగనే యుండి ఓర్బే మఠమునఁ జేరెను.

మొదటి విశేషణము 'గెమినా', అనఁగా జంటయైనది. దైవనిర్ణయము పుణ్యాత్ములకు ముక్తిరూపమునను, పాపులకు దండనరూపమునను జంటయైనదని యతని బోధ. ఈ ప్రయోగ మతఁడు కల్పించినది గాదు. అంతకు రెండు శతాబ్దములకు ముందే సెవిల్యా బిషప్పగు ఇసిదోరు చేసినదే. విశేష్యము ఏకవచనమున నుండుటయే గొట్షాల్కునకు ముఖ్యము. నిర్ణయములు రెండు గావు, ఒక్కటియే ద్వివిధము. ప్రేమ యొక్కటియే యైనను దేవునియందును, పొరుగువానియందును బ్రవర్తించుటచే జంటయని చెప్పఁబడినట్లు. పాణినీయము నభ్యసించినవారి కిది క్రొత్తగాదు. 'త్రయ' శబ్దమునందు తయప్పునకు మాఱుగా వచ్చు అయచ్ప్రత్యయ మవయవముల సంఖ్యను దెలుపుచునే యవయవిని భిన్నము గానీయదు. కావుననే వేదములు మూఁడైనను 'త్రయీ' యని యేకవచనము చెల్లుచున్నది.

ప్రతిపక్షులు మాత్రము దేవుఁడే పాపమును జేయించునని యతఁడు చెప్పినట్లు గ్రహించిరి. అతఁ డట్లనలేదు; దేవుఁడు నిర్ణయించునది పాపము గాదు, పాపమునకుఁ దగిన దండనమే యని స్పష్టముగా వాదించెను. అయినను, ఇట్టి బోధచే సామాన్యులు సత్కర్మలయందు విముఖులగుదురన్న వారి భయమును నిరాధారమని త్రోసివేయరాదు. 848లో మైంట్స్ సభ యతనిని ఖండించి రీమ్సు ప్రధానబిషప్పగు హింక్మారు కడకుఁ బంపెను. మఱుసటి యేఁడు కియేర్జీ సభలోఁ గొరడాలతోఁ గొట్టి, తన వ్రాఁతలను దనచేతనే యగ్నిలో వేయించిరి. పిదప ఓవిల్లేర్ మఠమున నిర్బంధించిరి.

రెండవ వివాద మా నిర్బంధములోనిది. అమరవీరుల స్తోత్రమొకదానిలో దైవత్వమునకు 'త్రీనా', అనఁగా త్రివిధమైనదను విశేషణ ముండెను. అట్లు పాడినచో ముగ్గురు దేవుళ్లగుదురని హింక్మారు దాని స్థానమున 'పరమ' యను నర్థముగల 'సుమ్మా' శబ్దమును బెట్టించెను. గొట్షాల్కు ఇచ్చటను ఏకవచనమునే శరణుజొచ్చెను. దైవత్వమను భావవాచకము వ్యక్తిని దెలుపఁగలదా యను శంకకు నతఁడు సూపిన ప్రమాణము మిక్కిలి రమ్యమైనది. 848కిఁ బూర్వ మతఁడు క్రొయేషియా ప్రభువగు త్ర్పిమీర్ కడ నుండెను. డాల్మేషియాలోని లాటిను ప్రజలు రాజును 'రాజ్య'మనియే వ్యవహరింతురని, రాజసన్నిధికిఁ బోవుటను రాజ్యముకడకుఁ బోవుటగాఁ జెప్పుదురని యతఁడు వ్రాసెను. తెలుఁగున 'దొరతనమువా'రను వాడుక యుండుటచే నిది మనకు సుబోధము. చెఱలోనున్న దైవశాస్త్రజ్ఞుఁడు వీథిజనుల పలుకుబడిని బ్రమాణముగా నెత్తుట యాకాలమున నరుదు.

కోర్బీ మఠమునందలి రత్రమ్నుస్ 'త్రీనా' శబ్దమును సమర్థించెను. హింక్మారు దానిని ఖండించుచుఁ బెద్ద గ్రంథమునే వ్రాసెను. ఖండనార్థమై గొట్షాల్కు వాదపత్రమును అందుఁ జేర్చుటచే, దానిని లోకమునకు దక్కించినవాఁ డాతఁడే యయ్యెను.

సుమారు 868లో గొట్షాల్కు అవసానదశలో నుండఁగా హింక్మారు విశ్వాసప్రకటనపత్రము నొకదానిని బంపి, దానిపై సంతకము చేసినఁగాని మతసంస్కారము లీయవలదని యాజ్ఞాపించెను. అతఁడు సంతకము చేయలేదు. సంస్కారములు లేకయే మరణించెను. 13వ శతాబ్దమున తామస్ అక్వినాసు రచించినదని ప్రసిద్ధమైన స్తోత్రములో దైవత్వమునకు 'త్రీనా' విశేషణమే మరల వచ్చినది. రోమను దేవాలయములలో దానిని నిరాక్షేపముగాఁ బాడిరి.