పాత గోల్ఫ్ కార్ట్‌కి కొత్త స్పీడ్ కంట్రోలర్ వేస్తే ఏం మారుతుంది? ఏం మారదు?

ఫోన్ పాతబడితే మార్చేస్తాం. ముప్పై ఏళ్ల ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ పాతబడితే మాత్రం మార్చాల్సిన పనిలేదు, చాలావరకు బాగుచేసుకోవచ్చు. అమెరికాలో అట్లాంటా పక్కన పీచ్‌ట్రీ సిటీ అనే ఊరుంది. అక్కడ కార్ట్‌లు తిరిగేలా 100 మైళ్లకు పైగా దారులు వేశారు. కూరగాయలకి, స్కూల్‌కి, పార్క్‌కి జనం కార్ట్‌లోనే వెళ్తారు. ఆ ఊళ్లో ఉండే మా బాబాయి దగ్గర 1992 నాటి క్లబ్ కార్ డీఎస్ ఉంది, 36 వోల్ట్ మోడల్. దీని ఫ్రేమ్ అల్యూమినియం కాబట్టి తుప్పు సమస్య లేదు. మోటార్ కూడా బాగానే ఉంది.

ఇబ్బందంతా పెడల్ దగ్గరే. కొంచెం తొక్కితే కదలదు, ఇంకొంచెం తొక్కితే ఒక్కసారిగా దూకుతుంది. ఆ దారుల్లో నడిచేవాళ్లు, సైకిల్ తొక్కే పిల్లలు కూడా ఉంటారు. అందుకే మనవరాలిని ఎక్కించుకుని వెళ్లడానికి మా పిన్ని ఒప్పుకోలేదు. బండి అమ్మేయాలా, కంట్రోల్ సిస్టమ్ మార్చాలా అన్నది ప్రశ్న. మేం మార్చాం. మీ చేతికీ ఇలాంటి బండి వస్తే ఏం తెలిసుండాలో ఇప్పుడు చూద్దాం.

పాత సిస్టమ్ ఎలా పనిచేస్తుంది?

మన ఇళ్లలో ఒకప్పుడు ఫ్యాన్ రెగ్యులేటర్ అంటే గోడకి పెద్ద డబ్బా ఉండేది, గుర్తుందా? ఫ్యాన్‌ని 1 మీద పెడితే ఆ డబ్బా వేడెక్కేది. ఫ్యాన్ వాడుకోని కరెంట్‌ని లోపలున్న రెసిస్టర్ వేడిగా మార్చేది అన్నమాట. ఈ కార్ట్‌లోనూ అదే కథ, కాకపోతే చాలా పెద్ద సైజులో. క్లబ్ కార్ దీన్ని వీ-గ్లైడ్ అనేది. పెడల్ తొక్కుతుంటే ఒక వైపర్ కాంటాక్ట్ వరసగా ఉన్న రాగి బిళ్లల మీద జరుగుతుంది. ఒక్కో బిళ్ల దాటినప్పుడల్లా వెనకున్న రెసిస్టర్ కాయిల్స్‌లో కొంత భాగం సర్క్యూట్ నుంచి తప్పుకుంటుంది. అందుకే స్పీడ్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. సగం వోల్టేజ్, అంటే 18 వోల్ట్‌ల దగ్గర మోటార్ 60 ఆంప్‌లు తీసుకుంటోంది అనుకోండి. మిగతా 18 వోల్ట్‌లు రెసిస్టర్ మీద పడతాయి. 18ని 60తో గుణిస్తే 1080 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టె అంత వేడి సీటు కింద వృథాగా పోతోంది! పైగా మోటార్‌కి వెళ్లే కరెంట్ మొత్తం ఆ వైపర్ మీదుగానే వెళ్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ బిళ్లలు మాడిపోతాయి, అప్పుడు బండి కొన్ని మెట్ల దగ్గర కదలక, తర్వాత మెట్టు తగలగానే దూకుతుంది. పిన్ని భయానికి కారణం ఇదే.

కొత్త కంట్రోలర్ ఏం చేస్తుంది?

కర్టిస్, ఆల్‌ట్రాక్స్ లాంటి కంపెనీలు చేసే సాలిడ్ స్టేట్ కంట్రోలర్‌లో కదిలే కాంటాక్ట్‌లు ఉండవు. లోపల మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఆన్‌లో ఉండే సమయం పెరిగితే మోటార్‌కి సగటు వోల్టేజ్ పెరుగుతుంది. చాలా అమోలెడ్ ఫోన్లు స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించడానికి వాడే పీడబ్ల్యూఎం పద్ధతే ఇది.

ఇందాకటి లెక్కే మళ్లీ చూడండి. మోటార్‌కి అదే 18 వోల్ట్‌లు, అదే 60 ఆంప్‌లు కావాలి. ఇప్పుడు బ్యాటరీ నుంచి వెళ్లేది సుమారు 30 ఆంప్‌లే, దానికి తోడు కంట్రోలర్‌లో కాస్త నష్టం. రెసిస్టర్ ఉన్నప్పుడు మాత్రం బ్యాటరీ కూడా 60 ఆంప్‌లు ఇవ్వాల్సిందే. అంటే నెమ్మదిగా, ఆగుతూ సాగుతూ తిరిగేవాళ్లకి లాభం ఎక్కువ.

మరి స్పీడ్ పెరుగుతుందా?

చాలామంది కంట్రోలర్ కొనేది ఈ ఆశతోనే. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు పాత సిస్టమ్‌లోనూ రెసిస్టర్లు పక్కకి తప్పుకుంటాయి, బ్యాటరీ వోల్టేజ్ మొత్తం మోటార్‌కి అందుతుంది. కాబట్టి మంచి కండిషన్‌లో ఉన్న బండికి కంట్రోలర్ ఒక్కటే మారిస్తే టాప్ స్పీడ్ పెద్దగా మారదు.

మోటార్ మార్చో, వోల్టేజ్ పెంచో స్పీడ్ తెచ్చుకోవచ్చు. కానీ ఈ బండికి బ్రేకులు వెనక చక్రాలకి మాత్రమే ఉంటాయి, అవీ కేబుల్‌తో లాగే డ్రమ్ములు. చట్టం సంగతి కూడా ఉంది. 1998 నుంచి అమెరికా ఫెడరల్ రూల్స్ ప్రకారం గంటకి 20 మైళ్లు దాటి 25 మైళ్ల లోపు వెళ్లే నాలుగు చక్రాల చిన్న బండి లో స్పీడ్ వెహికల్ కిందికి వస్తుంది. అప్పుడు సీటు బెల్టులు, లైట్లు, అద్దాలు, విన్ నంబర్ అన్నీ కావాలి. మా బండికి ఆ గొడవ అక్కర్లేదు అనుకున్నాం.

కొనే ముందు చూడాల్సినవి

మొదట బ్యాటరీలు. ఆరు 6 వోల్ట్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి. ఫుల్ చార్జ్ చేసి, కొన్ని గంటలు ఆగి మల్టీమీటర్ పెట్టండి. ఆరోగ్యంగా ఉంటే ఒక్కోటి 6.3 వోల్ట్‌లు దాటి చూపించాలి, మొత్తం ప్యాక్ 38 పైన ఉండాలి. తర్వాత ఎత్తు ఎక్కుతున్నప్పుడు చూడండి. మిగతావి నిలబడి ఒక్కటే బాగా పడిపోతుంటే లోపం దానిలోనే ఉంది. ఆ బ్యాటరీ అలాగే ఉంచి కొత్త కంట్రోలర్ వేస్తే డబ్బు దండగ.

రెండోది మోటార్ రకం. ఏ1, ఏ2, ఎస్1, ఎస్2 అని నాలుగు టెర్మినల్స్‌కీ లావు కేబుల్స్ ఉంటే అది సిరీస్ మోటార్, దానికి సిరీస్ కంట్రోలరే తీసుకోవాలి. ఫీల్డ్ వైర్లు సన్నగా ఉండే సెపెక్స్ మోటార్‌కి వేరే కంట్రోలర్ కావాలి. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు.

మూడోది థ్రాటిల్. వీ-గ్లైడ్ తీసేస్తే పెడల్ ఎంత తొక్కారో కంట్రోలర్‌కి చెప్పేవాళ్లు ఉండాలిగా? పెడల్ లింకేజ్‌కి పొటెన్షియోమీటర్ బాక్స్ బిగిస్తారు. 0 నుంచి 5 కిలో ఓమ్‌లు, 5 నుంచి 0 అని రకాలున్నాయి. కంట్రోలర్ ఏది అడుగుతుందో అదే ఉండాలి. మీ మోడల్‌కి సరిపోయే పూర్తి కిట్ దొరికితే ఈ తలనొప్పి ఉండదు.

లిథియం బ్యాటరీ వేసే ఆలోచన ఉంటే బీఎంఎస్ ఎన్ని ఆంప్‌లు ఇవ్వగలదో ముందే చూడండి. 300 ఆంప్‌ల కంట్రోలర్ వెనక 100 ఆంప్‌ల బీఎంఎస్ ఉంటే ఎత్తు దగ్గర బండి ఠక్కున ఆగిపోతుంది.

బిగించేటప్పుడు

ఉంగరాలు, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. ఇవి తేలిగ్గా తీసుకునే బ్యాటరీలు కావు, స్పానర్ అడ్డంగా పడితే వందల ఆంప్‌లు పారతాయి. ప్యాక్ మెయిన్ నెగటివ్ కేబుల్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి అప్పుడు పని పెట్టుకోవద్దు. తీసే ముందు ప్రతి కేబుల్‌కీ టేప్ అంటించి పేరు రాసుకుని ఫోటోలు తీశాం. సాయంత్రానికి ఆ ఫోటోలే దిక్కయ్యాయి.

సోలనాయిడ్ కూడా 36 వోల్ట్‌దే కొత్తది వేశాం. దీని రెండు పెద్ద టెర్మినల్స్ మధ్య కొన్ని వందల ఓమ్‌ల ప్రీచార్జ్ రెసిస్టర్ పెట్టాలి. కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు సోలనాయిడ్ మూసుకుంటే పెద్ద స్పార్క్ వచ్చి కాంటాక్ట్‌లు అతుక్కుపోవచ్చు. సోలనాయిడ్ అతుక్కుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. చిన్న టెర్మినల్స్ మధ్య డయోడ్ ఉంటుంది, దాని గీత పాజిటివ్ వైపు ఉండాలి. మెయిన్ ఫ్యూజ్ తప్పనిసరి. కేబుల్స్ పాతబడి చివర్లు పచ్చగా మారితే లావు కేబుల్స్ వేసేయండి.

మొదటి టెస్ట్‌కి ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీద ఎత్తి ఉంచాలి. పెడల్ మాత్రం కొద్దిగానే, కొన్ని సెకన్లే తొక్కండి. లోడ్ లేని సిరీస్ మోటార్ హద్దు లేకుండా వేగం పెంచుకుంటూపోతుంది, పాడైపోవచ్చు. కదులుతున్నప్పుడు రివర్స్ స్విచ్ తిప్పకూడదు.

చివరికి

ప్రోగ్రామబుల్ కంట్రోలర్ అయితే ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కేబుల్ పెట్టి సెట్టింగ్స్ మార్చుకోవచ్చు. మేం టాప్ స్పీడ్ జోలికి పోలేదు. పెడల్ తొక్కినప్పుడు పవర్ నెమ్మదిగా పెరిగేలా పెట్టాం. పెడల్ తొక్కి ఉండగా కీ తిప్పితే బండి కదలని ఆప్షన్ కూడా ఆన్ చేశాం. ఇప్పుడది మనిషి నడిచే వేగంతో కూడా సాఫీగా వెళ్తోంది. పిన్ని రెండు రోజులు ఒక్కతే నడిపి చూసుకున్నాక మనవరాలిని ఎక్కించుకుంది.

మా మాట ఇది: బ్యాటరీలు చచ్చిన బండికి ముందు బ్యాటరీలు. స్పీడ్ కోసమే అయితే ముందు బ్రేకుల సంగతి ఆలోచించండి. ఫ్రేమ్, మోటార్, బ్యాటరీలు బాగుండి పెడల్ ఒక్కటే మాట విననప్పుడు, కంట్రోలర్‌ని మించిన అప్‌గ్రేడ్ లేదు. వైరింగ్ మీద నమ్మకం లేకపోతే కార్ట్ మెకానిక్‌కి ఇవ్వండి, కానీ ప్రీచార్జ్ రెసిస్టర్, ఫ్యూజ్ పెట్టాడో లేదో మీరే చూసి తీసుకోండి.