నలభై అయిదు గ్రాముల యుద్ధ ట్యాంకు

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు పల్నాటి యుద్ధం మళ్లీ మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. పన్నెండో శతాబ్దంలో నాగులేటి దగ్గర జరిగిన పోరును, వీరుల ఆయుధాలకు పూజలు చేసి, జరిగిన చోటే మళ్లీ జరుపుతారు. అక్కడ బ్రహ్మనాయుడి పుంజు చివరికి ఓడాల్సిందే, బాలచంద్రుడు నేలకొరగాల్సిందే. ముగింపు మారితే అది ఆరాధన కాదు.

ముగింపు మారితే ఏమయ్యేదో చూడాలన్న కోరిక వేరే దారిన నడిచింది. 1812లో ప్రష్యాలో బారన్ ఫాన్ రైస్విట్జ్ తమ రాజుకు ఒక బల్ల చేయించి ఇచ్చాడు. కొండలు, ఏరులు, ఊళ్లు పలకలుగా ఉంటాయి, కావలసినట్టు పేర్చుకోవచ్చు. దళాలకు గుర్తుగా చిన్న దిమ్మెలు. సైన్యంలో అధికారిగా ఉన్న ఆయన కొడుకు 1824లో ఆ ఆటను 1:8000 పటం మీదికి తెచ్చి నియమాలు అచ్చువేయించాడు. పాచికలు, తీర్పు చెప్పే మధ్యవర్తి అందులో ముఖ్యం. ఎంత మంచి ఎత్తు వేసినా తూటా గురి తప్పవచ్చు. ఆ అనిశ్చితిని పాచిక లెక్కలోకి తెచ్చింది. సైన్యాధికారులకు అది చదువుగా మారింది.

దిమ్మెల స్థానంలో బొమ్మలు పెట్టి, ఆటను ఇంటి గచ్చు మీదికి తెచ్చినవారిలో పేరు మోసినవాడు హెచ్.జి. వెల్స్. 1913లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి ఆయన నియమాల పుస్తకం రాశాడు. స్ప్రింగు ఫిరంగితో కర్రముక్క పేల్చి బొమ్మను పడగొట్టాలి. అంతకు పదేళ్ల ముందు, 1903లో, ఇనుప కవచంతో నేలమీద పాకే యుద్ధయంత్రాలను ఒక కథలో ఊహించింది కూడా ఆయనే. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో నిజం ట్యాంకు కదిలింది. బొమ్మల యుద్ధమూ ట్యాంకు ఊహా ఒకే బుర్రలో పుట్టాయన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆ రెండూ కలిశాయి. ఏది మనది, ఏది శత్రువుది అని దూరం నుంచి పోల్చుకోవడం నేర్పడానికి సైనికులకు 1:108 కొలతలో చిన్న ట్యాంకు బొమ్మలు చూపించేవారు. మీటరు దూరంలో పెట్టిన బొమ్మ నూట ఎనిమిది మీటర్ల అవతల ఉన్న ట్యాంకు ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది.

ఇప్పటి బొమ్మ సైన్యాల ఆట పోటీల్లో 1:100 కొలత బాగా వాడుకలో ఉంది. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరన్ వైపు దూసుకొచ్చిన పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకునే తీసుకుందాం. బరువు సుమారు 45 టన్నులు, ఫిరంగితో కలిపి పొడవు తొమ్మిది మీటర్ల పైచిలుకు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి వందోవంతు అయితే ఘనపరిమాణం పది లక్షలో వంతు అవుతుంది. అందుకే 45 టన్నులు 45 గ్రాములకు దిగుతాయి. అరచేతిలో తొమ్మిది సెంటీమీటర్ల ప్యాటన్. 90 మిల్లీమీటర్ల ఫిరంగి నోరు మిల్లీమీటరుకు లోపే. కొలతకు కట్టుబడితే వేలు తగిలి విరిగిపోతుందని అచ్చులోనే గొట్టాన్ని కాస్త లావు చేస్తారు.

వెలుగు మాత్రం వందోవంతుకు తగ్గదు. రంగు వేసేవారి అసలు పని ఇక్కడే మొదలవుతుంది. పొలంలో నిలిచిన ట్యాంకుకు సూర్యుడు చిన్న బిళ్ల. టరెట్ కింద, చక్రాల మధ్య నీడలు గీత గీసినట్టు పడతాయి. గదిలో ట్యూబులైటు ఈ బొమ్మకు పదమూడింతల పొడవు. కాంతి అన్ని వైపుల నుంచీ సందుల్లోకి చొరబడి నీడను చెరిపేస్తుంది. ఒకే రంగు పూసి వదిలేస్తే బొమ్మ ప్లాస్టిక్ ముక్కలాగే కనిపిస్తుంది. ఆ పోయిన నీడను చేత్తో వేయాలి.

ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెడతారు. అచ్చు జిడ్డు ఉంటే రంగు పట్టదు. తర్వాత ప్రైమర్. కొండపల్లి వారు తెల్లపొణికి బొమ్మ అతుకులకు చింతగింజల మక్కు పెట్టి, సున్నం పూత వేసి, ఆ మీదటే రంగుకు దిగుతారు. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే, పై రంగుకు పట్టు దొరకాలి. ప్యాటన్‌కు ఆలివ్ ఆకుపచ్చ వేస్తారు. అసలు రంగునే వేస్తే చిన్న బొమ్మ మీద నల్లగా తోస్తుంది, కొంచెం లేత పసుపు కలపాలి. ఆరాక నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమరంగు పోస్తే, కేశనాళిక బలం దాన్ని మూతల అంచుల్లోకి, బోల్టుల చుట్టూ తనే లాక్కుపోతుంది. నీడ తయారవుతుంది. ఇక వెలుగు. కుంచెను లేత రంగులో ముంచి, గుడ్డకు దాదాపు ఆరిపోయేదాకా తుడిచి, పైపైన ఆడిస్తే ఉబ్బెత్తు అంచులకు మాత్రమే రంగు అంటుతుంది. రెండు నిమిషాల్లో ఇనుము బరువు కళ్లకు తెలుస్తుంది. ఈ పని చూడటం నాకు ఎంతో ఇష్టం. సైన్యం మొత్తం ఒకే ఛాయలో రావాలంటే ఒక్కో ట్యాంకును పూర్తి చేసుకుంటూ పోకూడదు. వరసగా నిలబెట్టి, అన్నిటికీ ఒక పూత అయ్యాకే రెండో పూత.

చివరగా బురద. ఇక్కడ చరిత్ర తెలియాలి. ఆ 1965 పోరులో ఖేమ్‌కరన్ సమీపంలోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం పొలాలకు నీళ్లు వదిలింది. చెరకు తోటల మధ్య బరువైన ప్యాటన్లు ఆ మెత్తని నేలలో దిగబడ్డాయి. మూడు రోజుల్లో పాకిస్థాన్ దాదాపు వంద ట్యాంకులు పోగొట్టుకుంది. జీపు మీది ఫిరంగితో వాటిని ఎదిరించి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర వచ్చింది. ఆ పోరు కోసం తయారుచేసే ప్యాటన్‌కు రాజస్థాన్ ఇసుక దుమ్ము పూస్తే తప్పు. గొలుసు పట్టాల మీద తడి మట్టి కనిపించాలి. చాలా పోటీల్లో రంగు వేయని సైన్యాన్ని బల్లమీదికి రానివ్వరు, రంగుల పనికి వేరే బహుమతీ ఉంటుంది.

ఇంత చేసినా ఒకటి లొంగదు, దూరం. ట్యాంకు ఫిరంగి కిలోమీటరున్నర కొడుతుందనుకుంటే 1:100లో అది పదిహేను మీటర్లు. ఆరడుగుల బల్ల చాలదు, గది గోడ కూడా దాటిపోతుంది. అందుకని ఆట నియమాలు రాసేవారు బొమ్మను ఒక కొలతలో, నేలను మరో కొలతలో ఉంచి, గురి దూరాన్ని బాగా కుదిస్తారు. రైస్విట్జ్ పటం నేల విషయంలో నిక్కచ్చి. ఆ 1:8000లో ప్యాటన్‌ను పెడితే పొడవు మిల్లీమీటరుకు కాస్త పైన. కుంచె మొన ఆనేంత చోటు కూడా ఉండదు.