పాత యంత్రమునకు క్రొత్త అవయవములు

పాత మోటారు సైకిలునకు పెద్ద సిలిండరును తగిలించినచో దాని బలము పెరుగునా యని పదవ తరగతి విద్యార్థులు కొందరు నన్నడిగిరి. పెరుగును. అయితే ఆ యొక్క మాటతో ఊరకుండుట క్షేమము గాదు. ఈ పాఠమును నేను వెలయిచ్చి నేర్చుకొంటిని.

మనమందరమెరిగిన బుల్లెట్టునే ఉదాహరణముగా గైకొందము. ఇది ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమునకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డు వారి యంత్రము. 1932లో దీనికా పేరు వచ్చెను. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను, ఆ పాత ఇనుప సిలిండరు ఇంజను మన దేశమున చిరకాలము తయారగుచునే యుండెను.

సిలిండరు లోపలి వ్యాసమును బోరనియు, దానిలో పిస్టను ప్రయాణము చేయు దూరమును స్ట్రోకనియు అందురు. గణితమున మీరు నేర్చిన స్థూపపు ఘనపరిమాణ సూత్రము ఇచ్చట అక్కరకు వచ్చును. 350 బుల్లెట్టునకు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. లెక్కించిన 346 ఘనసెంటీమీటర్లు వచ్చును. 500 బుల్లెట్టునకు స్ట్రోకు అదియే. బోరు మాత్రము 84. దాని పరిమాణము 499. బోరు నూటికి 20 వంతులే పెరిగినను, వ్యాసపు వర్గమునుబట్టి పరిమాణము నూటికి 44 వంతులు పెరిగినది.

స్ట్రోకు సమానమే గనుక సిలిండరును పిస్టనును మార్చిన చాలునని తోచును. పొరపాటంతయు ఇచ్చటనే యున్నది.

మొదటిది, ఒత్తిడి. పిస్టను పైకి చేరినప్పుడు హెడ్డులో మిగులు చోటు 63 ఘనసెంటీమీటర్లనుకొందము. చిన్న సిలిండరులో 409 పాళ్ల వాయువు 63లోనికి నొక్కబడును, నిష్పత్తి 6.5. పెద్ద సిలిండరులో 562 పాళ్లు అదే చోటికి నొక్కబడినచో నిష్పత్తి దాదాపు 9 అగును. అప్పుడు పెట్రోలు అకాలమున మండి పిస్టనును కొట్టును. కావున తగిన హెడ్డును కూడ పెట్టవలెను.

రెండవది, ఆహారము. ఎక్కువ గాలి పీల్చు ఇంజనునకు ఎక్కువ పెట్రోలు కావలెను. కార్బ్యురేటరులోని జెట్టు చాలనిచో మిశ్రమము పలుచనై వేడి హెచ్చును. స్పార్కు ప్లగ్గు దీనికి సాక్షి: తెల్లబారిన పెట్రోలు తక్కువ, మసిపట్టిన ఎక్కువ, గోధుమరంగైన సరిపోయినది.

మూడవది, బరువు. పెద్ద పిస్టను బరువైనది. క్రాంకు చక్రముల సమతౌల్యమును దానికి తగినట్లు సరిచేయనిచో ఇంజను వణకును, కనెక్టింగు రాడ్డు క్రింది బుష్షు త్వరగా అరుగును. ఇక బ్రేకులు పాతవే గదా! వేగము పెంచినవాడు ఆగుటనుగూర్చియు ఆలోచింపవలెను.

మా తండ్రిగారు సువార్త పరిచర్యకై గ్రామములు తిరిగిన 350 బుల్లెట్టు నాకు సంక్రమించినది. నేను సిలిండరును, పిస్టనును, హెడ్డును మార్పించి, కొంత ధనము మిగులునని పాత కార్బ్యురేటరునే ఉంచితిని. ఒక వేసవి మధ్యాహ్నము జ్వరముతోనున్న కుమారుని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా పిస్టను సిలిండరునకు పట్టుకొనిపోయెను. వెనుక చక్రము చటుక్కున నిలిచెను; ఇరువురమును పడితిమి. దేవుని కృపవలన ప్రాణములు దక్కినవి. తరువాత ప్లగ్గును విప్పి చూడగా సున్నమువలె తెల్లగా నుండెను. వాని మోచేతిమీది మచ్చను చూచినప్పుడెల్ల నా లోభమే నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

సిలిండరు పట్టుటకై క్రాంకుపెట్టె నోటిని కోయించియుంటిని గనుక, పాత సిలిండరు మరల దానిలో సరిగా కూర్చుండలేదు. యథాస్థితికి తెచ్చుటకు మార్పునకైన దానికంటె హెచ్చు వ్యయమైనది. మరియు, 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగమునుబట్టి, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని స్వేచ్ఛగా మార్చరాదు. అదియును నేను విచారింపనైతిని.

పాత వస్త్రమునకు క్రొత్త గుడ్డ అతికించుటనుగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమును మీరెరుగుదురు. యంత్రములోని యే భాగమును ఒంటరిది కాదు. విద్యార్థులారా, ఒకదానిని మార్చదలచినప్పుడు దానిని ఆనుకొనియున్న వాటి నన్నిటిని ముందుగా కాగితముమీద లెక్కించి, పిమ్మటనే చేత పానా పట్టుడు.