వానాక్రైని నిలిపిన చిరునామా

2017 మే 12, శుక్రవారము. బ్రిటను ఆసుపత్రులలో కంప్యూటర్లు ఒకదాని వెంట ఒకటి మూగవోయినవి. ఫైళ్ళకు తాళము వేసితిమనియు, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు చెల్లించినగాని తీయమనియు తెరపై ఒక ప్రకటన వెలసినది. వైద్యుని యెదుట రోగి యున్నాడు. అతని వివరములు మాత్రము లేవు. శస్త్రచికిత్సలతో కలిపి 19,000కు పైగా వైద్యపు ఏర్పాట్లు రద్దయి యుండునని తరువాత అంచనా వేసిరి. 'వానాక్రై' అను ఈ ఉపద్రవము సుమారు 150 దేశములకు ప్రాకినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దీని వాతబడినవి.

సామాన్యమైన వైరసు మనము ఏదో యొకటి తెరచువరకు వేచియుండును. దీనికి మన చేయి అక్కరలేదు. విండోస్‌లో ఫైళ్ళు పంచుకొను ఏర్పాటునందలి లోపము ద్వారా ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తానే దూకును. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు మార్చి 14ననే విడుదల చేసినది. దానిని వేసికొననివారే అధికముగా చిక్కుకొనిరి.

ఇట్టి సమయమున నిపుణుడు మొదట వెదకునది మందు కాదు, నమూనా. పాము విషమునకు విరుగుడు చేయుటకు పామునే పట్టవలెను గదా! ఆ నమూనాను ఇతర యంత్రములతో సంబంధము లేని కంప్యూటరులో, అనగా ఒక పంజరములో, నడపి దాని నడవడిని గమనించును. పిమ్మట దానిని గుర్తుపట్టు ఆనవాలును వైరసు నివారణ ప్రోగ్రాములకు చేర్చుదురు.

ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అను యువకుడు ఆ దినము సెలవులో నుండెను. భోజనము ముగించి వచ్చి, ఒక మిత్రుడు పంపిన నమూనాను నడపి చూచెను. అది ముందుగా అర్థము లేని అక్షరములు గల ఒక ఇంటర్నెట్టు చిరునామాను పలుకరించుచుండెను. ఆ చిరునామా ఎవరిదియు కాదు. పది డాలర్ల పైచిలుకు చెల్లించి ఆయన దానిని తన పేర నమోదు చేసికొనెను. వైరసు వ్యాప్తిని లెక్కించుటకు ఇట్లు చేయుట ఆయనకు పరిపాటి.

వ్యాప్తి ఆగిపోయినది! కాని ఆ సంగతి ఆయనకు వెంటనే తెలియలేదు. పైగా ఆ నమోదే ఉపద్రవమును రగిల్చినదని ఎవరో యనగా కొంతసేపు హడలిపోయెను. అప్పుడు చేసిన పనియే నాకు మిక్కిలి నచ్చినది. చిరునామా బదులు పలుకునట్లుంచి నమూనాను నడపెను, అది ఊరకుండెను. బదులు రాకుండ చేసి మరల నడపెను. తన పరీక్షాయంత్రమునకే తాళము పడినది. అది చూచి ఆయన ఎగిరి గంతులు వేసెనట! తరగతిలో ఈ కథ చెప్పినపుడు విద్యార్థులు అదృష్టమందురు. నమోదు అదృష్టమే కావచ్చును; ఈ రెండు పరీక్షలు అదృష్టము కావు.

అసలు ఆ పలుకరింపు ఎందుకు? హచిన్స్ ఊహ యిది: నిపుణుల పంజరములు ఏ చిరునామాకైనను ఉత్తుత్తి బదులిచ్చుట కలదు. లేని చిరునామా బదులు పలికినచో తాను పంజరములో నున్నానని గ్రహించి వైరసు నోరు మూసికొనును. నమోదుతో లోకమంతయు దానికి పంజరమై తోచినది.

అయితే అప్పటికే తాళము పడిన ఫైళ్ళు ఇందువలన తెరచుకొనలేదు. ఇంటర్నెట్టుతో సంబంధము లేని కార్యాలయములలోని యంత్రములకు ఆ బదులు అందదు. మైక్రోసాఫ్టు తాను పోషణ మానుకొనిన విండోస్ ఎక్స్‌పీకి సైతము అత్యవసరముగా సవరణ నిచ్చినది. ఇంతలో కొందరు దుండగులు ఆ చిరునామాపై దొంగ పలుకరింపుల వెల్లువను వదలి దానిని ముంచివేయ జూచిరి. అది మూగవోయినచో వైరసు మరల లేచును. హచిన్స్, ఆయన సహచరులు దానికి కొన్ని దినములు కాపలా కాయవలసివచ్చినది.